అడవిలో రాత్రి ఎవరిది?

అమెరికాలో స్థిరపడిన నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్లు వేసవి రాగానే పెట్టే ఫోటోలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. వెనక తలుపు తెరిచి పెట్టిన వ్యాను, లోపల పరుపు, బయట రెండు మడత కుర్చీలు, దూరంగా ఒక కొండో చెరువో. కింద ఏదో ఒక స్టేట్ పార్కు పేరు. ఆ ఫోటోల కింద జరిగే చర్చ కూడా ప్రతిసారీ ఒకటే. "మన దగ్గర ఇట్లాంటివి ఎందుకు లేవురా?" అని ఒకడు అడుగుతాడు. మనవాళ్ళకు ప్రకృతిని చూసే అలవాటు లేదనీ, ఊరు దాటితే గుడికే పోతారనీ, అడవిలో రాత్రి గడపడమన్నది మన సంస్కృతిలోనే లేదనీ ఇంకొకడు తేల్చేస్తాడు.

ఈ తేల్చెయ్యడం మీదే నాకు అభ్యంతరం. మన దగ్గర అడవులున్నాయి. వాటికి ప్రభుత్వం గీసిన హద్దులున్నాయి. ఆ హద్దుల లోపల రాత్రుళ్ళు గడిపిన మనుషుల చరిత్ర అంతకంటే ఎక్కువే ఉంది. కాకపోతే వాళ్ళలో కొందరి రాత్రిని విహారం అన్నాం, కొందరిది తిరుగుబాటు అన్నాం, కొందరిది ఆక్రమణ అన్నాం, కోటిమందిది జాతర అన్నాం. ఎవరి రాత్రికి ఏ పేరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదే ఈ వ్యాసం.

పోయిన చలికాలం ముగ్గురు మిత్రులతో కలిసి హైదరాబాదులో ఒక క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకుని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఐదు రోజులు తిరిగాను. టెంపో ట్రావెలర్‌లో సీట్లు తీసేసి మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు బిగించిన బండి అది. ఏం వండుకున్నాం, ఎక్కడ టైరు పంక్చరయింది లాంటివి ఇక్కడ రాయను. నేను చరిత్రకారుణ్ణి కూడా కాను, పగలంతా కోడ్ రాసుకుని రాత్రి పుస్తకాలు చదువుకునే మనిషిని. తాడ్వాయి అడవి దగ్గర చెక్‌పోస్టులో ఒక పెద్దాయన అన్న మాట మాత్రం ఆ ఐదు రోజులకూ ఒక ప్రశ్న ఇచ్చింది. "దారెంట పొయ్యేటోళ్ళను ఆపం సార్. పగటీలి మంచిగ చూస్కోండ్రి. లోపల బండి పెట్టి పండుకుంటమంటే మాత్రం కుదరదు."

పార్కు అనే మాట

స్టేట్ పార్కు అనే ఊహ ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. 1864లో, అంతర్యుద్ధం ఇంకా నడుస్తుండగానే, లింకన్ సంతకంతో యోసెమిటీ లోయను అమెరికా ప్రభుత్వం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించింది, ప్రజల విహారం కోసం కాపాడమని. అంతకు 13 ఏళ్ళ ముందు, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం అదే లోయలోకి వెళ్ళింది. అది వెళ్ళింది అక్కడ తరతరాలుగా ఉంటున్న అహ్వానీచీ ప్రజలను తరమడానికి. అంటే మనుషులను ఖాళీ చేయించడం మొదట జరిగింది, "మనిషి అడుగు పడని ప్రకృతి" అన్న బోర్డు తర్వాత వచ్చింది.

వ్యాన్ల కథ ఇంకా తర్వాతది. ఫోర్డు కార్లు మామూలు ఇళ్ళకు చేరాక, 1921లో డెమోయిన్ నగరంలో స్టేట్ పార్కుల మీద మొదటి జాతీయ సదస్సు జరిగింది. వంద మైళ్ళకు ఒక పార్కు ఉండాలన్నది అప్పటి ఆశయం. కారు ఒక్క రోజులో హాయిగా పోగలిగే దూరాన్ని బట్టి వేసిన లెక్క అది. 1933 నుంచి 1942 దాకా రూజ్వెల్ట్ ప్రభుత్వం నిరుద్యోగ యువకులతో ఆ పార్కుల్లో దారులు, కట్టలు, చెక్క గదులు కట్టించింది. నా మిత్రుల ఫోటోల్లో కనిపించే "సహజమైన" దృశ్యంలో సగం ఆ కుర్రాళ్ళ చేతిపని. దాన్ని తక్కువ చెయ్యడానికి చెప్పడం లేదు. ప్రకృతిలా కనిపించే దాని వెనక కూడా మనుషులుంటారని చెప్తున్నానంతే.

జనగామ దారి

హైదరాబాదు నుంచి భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం చేరే 163వ నంబరు జాతీయ రహదారి మన కథకు వెన్నెముక. జనగామ దగ్గర అడవి కనబడదు. బండరాళ్ళ గుట్టలు, పత్తి చేలు, రోడ్డు పక్కన పెంబర్తి ఇత్తడి సామాన్ల దుకాణాలు. కానీ అడవిలో ఎవరు తలదాచుకోవాల్సి వచ్చింది అన్న కథ ఈ మెట్ట నేల మీదే మొదలవుతుంది.

జనగామ దాటాక కుడి ఎడమల గుట్టల్లో ఖిలాషాపూర్ ఉంది. సర్వాయి పాపన్న కోట అక్కడిదే. కల్లుగీత కుటుంబంలో పుట్టిన పాపన్న మొగలు పాలన చివరి రోజుల్లో సొంత సైన్యం కూడగట్టి, 1708లో ఓరుగల్లును కొల్లగొట్టాడు. 1710లో మొగలు అధికారులు అతన్ని చంపించారు. దర్బారు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు అతను దారిదోపిడీగాడు. ఊళ్ళలో పాటలు పాడినవాళ్ళకు వీరుడు. జె.ఎఫ్. రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో కలిసి రాసిన వ్యాసం సరిగ్గా ఈ రెండు చూపుల మధ్య తేడా గురించే. దారి మీద రాత్రి తిరిగేవాడికి పేరు ఎవరు పెడతారు అన్న ప్రశ్న ఇక్కడ కొత్తది కాదన్నమాట.

ఖిలాషాపూర్‌కు దక్షిణాన దేవరుప్పుల మండలంలో కడవెండి. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయింది ఈ ఊళ్ళోనే. ఇక్కడ రాజుకున్న పోరాటం 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక మైదానం వదిలి తూర్పుకు జరిగింది. దాచుకోవడానికి చెట్టు లేని జనగామ నుంచి దళాలు పాకాల వైపు, గోదావరి వైపు అడవుల్లోకి వెళ్ళాయి. మా వ్యాను మూడు గంటల్లో పోయిన దూరం అది.

చెరువు ముందా, అడవి ముందా?

మహబూబాబాద్ జిల్లాలోకి వెళ్తే చరిత్ర ఇంకా వెనక్కి జరుగుతుంది. బయ్యారం చెరువును తవ్వించింది కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలమ. దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు. అక్కడి శాసనం లేకపోతే కాకతీయుల తొలి తరాల పేర్లు మనకు తెలిసేవి కావు. పి.వి. పరబ్రహ్మశాస్త్రి ఆ వంశ చరిత్రను తిరిగి కట్టడంలో ఆ రాయికి పెద్ద చోటుంది. ఒక రాజవంశం తన వంశావళిని చెక్కించుకోవడానికి చెరువుగట్టును ఎంచుకుందంటే, చెరువు వాళ్ళకు ఏమిటో అర్థమవుతుంది.

అక్కడి నుంచి గూడూరు మీదుగా కొత్తగూడ వైపు వెళ్తే అడవి చిక్కబడుతుంది. పాకాల వన్యప్రాణి అభయారణ్యం సుమారు 860 చదరపు కిలోమీటర్లు. దాని గుండెకాయ పాకాల చెరువు, పక్కనున్న వరంగల్ జిల్లా ఖానాపురం మండలంలో ఉంది. గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి కట్టించిన చెరువు. రెండు గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి 30 చదరపు కిలోమీటర్ల నీటిని నిలబెట్టారు. 1881లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతంలోని వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాళ్ళకు పాకాల పేరే పెట్టాడు.

ఒక ఇంజనీరుగా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ చెరువుల వరసే. పాకాల, లక్నవరం, పాలంపేట దగ్గర రామప్ప, భూపాలపల్లి జిల్లాలో గణపురం. నాలుగూ 13వ శతాబ్దపు ఆలోచనలే. గణపురంలో చెరువు పక్కనే కోటగుళ్ళు. రామప్ప గుడిని గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. గుడి, చెరువు, ఊరు కలిపి ఒకేసారి వేసిన ప్లాను అది. 2021 జులైలో యునెస్కో గుర్తింపు వచ్చింది గుడికే అయినా, ఆ గుడి దీపానికి నూనె పోసింది చెరువు కింది పొలం.

ఈ వరసను సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు ఇంకోలా చదివారు. తీరప్రాంతంలో ఎప్పటి నుంచో సాగు ఉంది. 12, 13 శతాబ్దాల్లో తెలంగాణ మెట్టల్లో కొత్తగా చెరువులు తవ్వి, గుళ్ళు కట్టి, పొలాలు తెరిచారు. చెరువు కట్టి బాగోగులు చూసినవాడికి దాని కింది పంటలోనో భూమిలోనో పదో వంతు వచ్చే దశబంధం ఏర్పాటు ఉండేది. అంటే ఇవాళ మనం "అడవిలో చెరువు" అని మురిసిపోయేవి ఒకప్పుడు అడవిని పొలంగా మార్చే పనిముట్లు. రాజ్యం పోయాక కొన్ని చోట్ల సాగు వెనక్కి తగ్గింది, అడవి మళ్ళీ వచ్చి చెరువును చుట్టుకుంది. నిజాముల కాలానికి పాకాల చుట్టుపక్కలు వేటకు పేరుపడ్డ అడవి. మేము ఫోటో తీసుకున్న ఆ "సహజ" దృశ్యం ఎనిమిది వందల ఏళ్ళ కింద ఒక సేనాని పెట్టుబడి, ఆ తర్వాత కొన్ని శతాబ్దాల నిర్లక్ష్యం. యోసెమిటీకీ పాకాలకూ పోలిక ఇక్కడే కుదురుతుంది: రెంటిలోనూ ప్రకృతి అంటే మనుషులు కనబడకుండా పోయిన చరిత్ర.

శాసనం లేనివాళ్ళు

మరి చెరువు రాకముందు ఆ అడవిలో ఉన్నదెవరు? తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర పెద్ద బండలతో కట్టిన సమాధులు ఉన్నాయి. స్థానికులు రాక్షస గుళ్ళు అంటారు. రేగొండ దగ్గర పాండవుల గుట్టలో ఎరుపు, పసుపు, తెలుపు రంగుల్లో రాతి బొమ్మలున్నాయి. ఎవరు కట్టారో, ఎవరు వేశారో పేర్లు లేవు. పేరు తెలియనివాళ్ళకు మనం పాండవులనీ రాక్షసులనీ రెండే పేర్లు పెట్టుకున్నాం.

కోయలకు మాత్రం పేర్లున్నాయి, శాసనమే లేదు. వాళ్ళ చరిత్ర మేడారంలో ఉంది. కరువులో కప్పం కట్టలేమన్న కోయ దొరల మీదకు ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందనీ, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ యుద్ధంలో పోయారనీ, జంపన్న సంపెంగ వాగులో దూకాడనీ, గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమై, కుంకుమ భరిణెగా దొరికిందనీ కథ. కథనాలు కొన్ని చోట్ల వేరువేరుగా ఉన్నాయి. వీటిలో తేదీలు వెతకడం నా పని కాదు. కానీ ఈ కథను రామప్ప శాసనం పక్కన పెట్టి చదవకుండా ఉండలేం. మేడారం, రామప్ప ఒకే ప్రాంతంలోవి. ఒకచోట కాకతీయ రాజ్యం నీళ్ళు ఇచ్చిన రాజ్యం. ఇంకోచోట నీళ్ళు లేని ఏడాది కూడా కప్పం అడిగిన రాజ్యం. రెండూ నిజమే అయ్యుండాలి. చెరువు కట్టించిన రాజ్యానికి ఆ ఖర్చు రాబట్టుకోవడం కూడా తెలుసు.

క్యాంపింగ్ మన సంస్కృతిలో లేదనేవాళ్ళు రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం వెళ్ళి చూడాలి. ఏటూరునాగారం అభయారణ్యం లోపల జరిగే ఆ జాతరకు వచ్చేవాళ్ళ సంఖ్య కోటి దాటుతుందని ప్రభుత్వాలు చెప్తాయి. వెనకటికి ఎడ్లబండ్లలో, కలిగినవాళ్ళు పైన గూడు కట్టిన సవారి కచ్చురాల్లో, రోజుల తరబడి నడిచి వచ్చేవారు. కచ్చురంలో పరుపు, కింద కట్టిన కుండలు, వెనక పచ్చగడ్డి మోపు. దీన్ని క్యాంపర్ వ్యాను అనడానికి తక్కువేముంది? ఇప్పుడు ట్రాక్టర్లు, డీసీఎంలు వచ్చాయి. చెట్ల కింద చీరలు కట్టి, మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, నిలువెత్తు బెల్లం "బంగారం"గా తూచి ఇచ్చి, నాలుగు రాత్రులు ఉండి పోతారు. ఇంతమంది అడవిలో నిద్రపోయే చోటు ప్రపంచంలో ఇంకెన్ని ఉన్నాయి? దీనివల్ల అడవికి చెత్త, ప్లాస్టిక్ భారమూ తక్కువేం కాదు. కానీ మేడారంలో ఉన్న ఒక లక్షణం ఏ పార్కులోనూ లేదు. అక్కడ అతిథి దర్శించుకునేది దృశ్యాన్ని కాదు, ఆ అడవి మనుషుల ఓటమిని. వడ్డెలు కోయలే, పూజ వాళ్ళదే. వచ్చినవాడు వాళ్ళ ఇంటికి వచ్చిన చుట్టం.

1952

తెలంగాణ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో విరమించింది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాలను హైదరాబాదు ప్రభుత్వం ప్రకటించింది 1952లో. ఒకదాని వల్లే ఇంకోటి వచ్చిందని నేను అనడం లేదు. జంతువులు తగ్గిపోతున్నాయన్న ఆందోళన అప్పటికి దేశమంతా ఉంది. కానీ ఈ రెండు తేదీలకూ ముందు ఆ అడవిలో ఏం జరిగిందో తెలిస్తే, అభయారణ్యం అన్న మాటలోని "అభయం" ఎవరికని అడగక తప్పదు.

పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన పోరాట చరిత్రలో గోదావరి అడవుల మీద వివరంగా రాశారు. మలయాలో బ్రిటిష్ జనరల్ బ్రిగ్స్ అమలుచేసిన పథకాన్ని పోలినదే ఇక్కడా జరిగింది. దళాలకు తిండి అందకుండా కోయ గూడేలను ఖాళీ చేయించి, ఇళ్ళు తగలబెట్టి, మనుషులను రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. ఆయన ఆ పోరాటానికి నాయకుడు కాబట్టి ఆయన చూపు ఒకవైపుదే అనుకున్నా, పోరాటానికి ముందే నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసిన మానవ శాస్త్రజ్ఞుడు హైమెండార్ఫ్ ఏ పార్టీ మనిషీ కాదు. ఆదివాసులు భూమి కోల్పోతున్న తీరును, రిజర్వు అడవి గీతలు వాళ్ళ పొలాల మీదుగా పోయిన తీరును ఆయన 1940లలోనే రాసి పెట్టాడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అభయారణ్యంలోకి ఎవరు రావచ్చో దాని 27వ సెక్షన్ చెప్తుంది. డ్యూటీ మీద ఉన్న ప్రభుత్వోద్యోగి, అధికారి అనుమతి ఉన్నవాడు, లోపల స్థిరాస్తి హక్కు ఉన్నవాడు, రహదారి మీద పోయేవాడు, వీళ్ళపై ఆధారపడినవాళ్ళు. తర్వాతి సెక్షన్‌లో అనుమతి ఇవ్వదగ్గ పనుల జాబితాలో ఫోటోలు, పరిశోధన, పర్యటన ఉన్నాయి. చెక్‌పోస్టు పెద్దాయన మాతో అన్నది అక్షరాలా ఈ చట్టమే. ఈ జాబితాలో నాకు చోటుంది. పట్టా లేని కోయ రైతుకు చోటు లేదు. తాత ముత్తాతల నుంచి ఇప్పపువ్వు ఏరుకున్న మనిషి తన హక్కు రాతపూర్వకంగా చూడటానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. అందులో మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు రైతులూ ఉన్నారు. రాజ్యాంగం వచ్చిన 73 ఏళ్ళకు.

ఇవాళ్టి రాత్రులు

భూపాలపల్లి టౌను దగ్గరికి వచ్చేసరికి అడవికి ఇంకో అర్థం వస్తుంది. సింగరేణి గనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. పొగ గొట్టానికి కూడా కాకతీయ పేరే. గనికి అడవి ఇచ్చేటప్పుడు గీత సులువుగా జరుగుతుంది, పోడుకు మాత్రం కదలదు అని అక్కడి జనం అనే మాటలో అతిశయోక్తి ఎంతున్నా, ఆ పోలిక వాళ్ళకు ఎందుకు తడుతుందో అర్థమవుతుంది.

ఈ అడవిలో తుపాకుల రాత్రి కూడా పూర్తిగా గడిచిపోలేదు. 2024 డిసెంబరు 1న ఏటూరునాగారం మండలం చల్పాక అడవిలో జరిగిన ఎన్‌కౌంటర్లో ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకు ఊళ్ళు వదిలి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు ఈ అడవుల్లోనే చిన్న చిన్న గుంపులుగా బతుకుతున్నాయి. కరెంటు, బడి, రేషను వాళ్ళకు నేటికీ పోరాటమే. గుడిసెలు తీసెయ్యమనడం, మళ్ళీ వేసుకోవడం మామూలైపోయింది. వాళ్ళ గుడిసెకు మనం పెట్టిన పేరు ఆక్రమణ. అదే అడవిలో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే గదికి పెట్టిన పేరు ఎకో టూరిజం.

ఎకో టూరిజం వద్దని నేను అనను. లక్నవరం వేలాడే వంతెన మీద నేనూ నిలబడ్డాను, బాగుంది. పులికి, అడవిదున్నకు మనిషి అలికిడి లేని చోటు కావాలన్నదీ నిజమే. ఈ మధ్య పులి అడుగులు మళ్ళీ ఈ అడవుల్లో కనబడ్డాయంటే సంతోషించాలి. రాత్రి లోపల వద్దన్న నియమం నా లాంటి వాడికి సబబైనదే. అందుకే మేము వ్యాను బయట, ఒక ఊరి మొగదల బడి గోడ పక్కన నిలుపుకున్నాం. నా అభ్యంతరమల్లా నియమం ఒకడికి సెలవు రోజు సర్దుబాటు, ఇంకొకడికి బతుకంతా నేరం కావడం మీద.

మన రాష్ట్రంలో రేపో మాపో స్టేట్ పార్కులూ, క్యాంపర్ వ్యాన్లకు కరెంటు ప్లగ్గులున్న పార్కింగులూ వస్తాయి. రావాలి కూడా. అప్పుడు అమెరికా నుంచి మ్యాపు తెచ్చుకునే బదులు మేడారం నుంచి ఒక పద్ధతి తెచ్చుకోవచ్చు. అడవి ఎవరిదో వాళ్ళే ఆతిథ్యం ఇవ్వాలి, టికెట్టు డబ్బు వాళ్ళ గ్రామసభకు చేరాలి, ఏ చోట రాత్రి ఉండొచ్చో ఏ చోట ఉండకూడదో వాళ్ళతో కలిసి తేల్చాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇప్పటికే ఉంది, కొత్త చట్టం అక్కర్లేదు. చెరువు కట్టినవాడి పేరు రాతి మీద ఉంది. అది నిండడానికి నీళ్ళిచ్చిన అడవిని కాచినవాళ్ళ పేరు కనీసం గేటు బోర్డు మీద ఉండాలి. బోర్డు మీద పేరుంటే, ఆ రాత్రి వాళ్ళు పడుకునే చోటును ఆక్రమణ అనడం అంత తేలిక కాదు.